డైటీషియన్‌కు నేను చెప్పిన జవాబు

కోయంబత్తూరులో నా భార్యను మూడో డైటీషియన్‌కు చూపించి పొల్లాచ్చి బస్సెక్కాం. ఫీజులు కట్టి కట్టి విసిగిపోయాను. ఆమె షుగర్ మాత్రం దిగడం లేదు. బస్సంతా అరవం మాట్లాడేవాళ్లే, మన తెలుగు ఎవరికి అర్థమవుతుందిలే అని గొంతు తగ్గించకుండానే తిట్టాను.

"ఇంత డబ్బు పోసి చీటీ రాయిస్తే, నాకు తెలీకుండా ఏం తింటున్నావే?"

ముందు సీట్లో కార్పొరేషన్ ఊడ్పు పనివాళ్ల కోటు వేసుకున్న ఒకామె వెనక్కి తిరిగింది. ఇక్కడి ఊడ్పు పనివాళ్లలో చాలామంది ఇళ్లలోనూ తెలుగేనని నాకు గుర్తుండాల్సింది.

"అన్నా, అక్క మధ్యాన్నం సాపాడు ఎన్ని గంటలకి తింటుంది?"

తడబడి, "ఒంటిగంటకి" అన్నాను.

"అది మీరు తినే టైమన్నా. అక్కను చెప్పనీండి."

నా భార్య కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పింది. "మూడున్నర అవుతుంది. ఈయన, పిల్లలు, తోట పనివాళ్లు తిన్నాక, మిగిలిన అన్నం పారేయలేక..."

ముగ్గురు డైటీషియన్లూ ఇదే అడిగారు. మూడుసార్లూ జవాబు నేనే చెప్పాను. అడగాల్సిన మనిషి నా పక్కనే కూర్చుని ఉంది.

కినత్తుకడవులో దిగుతూ ఆ కోటావిడ "వస్తానక్కా" అని నా భార్య చేయి తట్టి వెళ్లిపోయింది.

ఇప్పుడు ఒంటిగంటకి ఇద్దరం కలిసే కూర్చుంటున్నాం. ముద్ద ఎత్తే ముందు నా భార్య ఇంకా నా కంచం వైపే చూస్తుంది. ముప్పై ఏళ్లుగా నేను నేర్పిన అలవాటు అది. "నువ్వు తిను" అని రోజూ చెప్పాల్సి వస్తోంది.