మురళి తీయించని జుట్టు

నిన్న పొద్దున క్లాస్‌మేట్ దగ్గర్నుంచి ఎస్సెమ్మెస్. "మురళి పోయినాడు. రేణిగుంట రోడ్డులో లారీ గుద్దింది."

ఇదేం జోక్ అనుకున్నాను. తిట్టడానికి మురళికే ఫోన్ చేశాను. అవతల మురళి తమ్ముడు ఏడుస్తున్నాడు.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. మురళిది నగరిలో మగ్గాల ఇల్లు. తిరుపతిలో మా కాలేజీ ల్యాబ్‌లో చిన్నపిల్లల గుండె కోసం పంప్ డిజైన్ చేసేవాడు. గుండె చెడిపోయి రక్తం తోయలేని పిల్లలకు ఒంట్లోనే అమర్చే పంప్. పెద్దవాళ్ళది పిల్లల ఛాతీలో పట్టదు. చిన్నది చేస్తే స్పీడ్ పెంచాలి, స్పీడ్ పెంచితే రక్తకణాలు చితికిపోతాయి. ఏళ్ళ తరబడి వాడి గొడవంతా ఇదే.

టెస్టింగ్‌కి మేకరక్తం కావాలి. మాంసం ముట్టని మనిషి, ఆదివారం పొద్దున్నే మటన్ షాపు ముందు క్యాన్ పట్టుకుని నిలబడేవాడు.

ఒకసారి కణాలన్నీ పాడయ్యాయి. తప్పు పంప్‌దే అనుకుని విప్పాడు, బిగించాడు, మళ్ళీ విప్పాడు. తిండీ నిద్రా లేవు. తీరా అడిగితే షాపాయన, రక్తం వేపుడుకే అనుకుని, అది బాగా కుదరాలని, ప్రేమగా గుప్పెడు ఉప్పు కలిపి ఇచ్చాడట.

కడుపు పట్టుకుని నవ్వాం. నవ్విన రోజులు అవే.

తర్వాత ఆసుపత్రిలో లలిత పరిచయమైంది. పుత్తూరు పాప, నాలుగేళ్ళు. గుండె బాగైతే కొండకొచ్చి పుట్టువెంట్రుకలు ఇస్తామని వాళ్ళమ్మ మొక్కుకుంది. అందుకే రెండు జడలు, వీపు దాకా. పంప్ ఎప్పటికవుతుంది సార్ అని వాళ్ళ నాయన కనిపించినప్పుడల్లా అడిగేవాడు. మురళి తల దించుకునేవాడు.

పంప్ కాలేదు.

పాప ఆ జడలతోనే పోయింది.

ఆ రోజు నుంచి మురళి జుట్టు తీయించలేదు. ఒక్క బిడ్డకైనా పంప్ పెట్టాకే కొండెక్కి గుండు చేయించుకుంటానన్నాడు. హిప్పీ అని ఏడిపించేవాళ్ళం. పట్టించుకునేవాడు కాదు.

నిన్న నగరిలో స్నానం చేయించేటప్పుడు, బంధువుల్లో ఒక పెద్దాయన జుట్టు తీసి ఉంచుదామన్నాడు. మైల పోయాక కొండలో ఇచ్చేస్తే మొక్కు తీరిపోతుందట.

మురళి వాళ్ళ నాయన ఒప్పుకోలేదు.

"వద్దప్పా. వాడనుకున్న పని యాడ అయినాది? అట్లే పోనీ."

ఆ జుట్టుతోనే కాల్చాం.

దేవుడు మంచివాళ్ళనే తొందరగా పిలుస్తాడని మెసేజ్‌లు పెడుతున్నారు. దయచేసి నాకు పెట్టొద్దు, ఒళ్ళు మండుతోంది. ల్యాబ్‌లో బెంచీ మీద పంప్ సగం విప్పి ఉంది. దాన్ని బిగించడం మాలో ఎవరికీ రాదు.

వెళ్ళిరా మురళీ. నీ మనసు ఇకనైనా కుదుటపడాలి.

అక్కడ లలిత కనిపిస్తే తల దించుకోకురా.