చివరి గడిలో సున్నా

‘కంప్యూటర్ చెప్పింది’ అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. నా లెక్క మీదే ఆ మాట అన్నారు కాబట్టి.

మిర్యాలగూడ రైస్ మిల్లులో కాంటా దగ్గర పనిచేస్తూ, ఫోన్‌లో పాఠాలు చూసి ఆప్టిమల్ కంట్రోల్ నేర్చుకున్నాను. మాట పెద్దది, సంగతి చిన్నది. చేతిలో ఉన్నదాన్ని ఎప్పుడు ఎంత వాడితే మొత్తం మీద ఎక్కువ మేలో తేల్చడం. ఒక్క సూత్రంతో తేలదు. కాలాన్ని వారాలుగా ముక్కలు చేసి, ఆఖరి వారం నుంచి వెనక్కి నడవాలి. చెరువులో ఇంత నీరుంటే తూము ఎంత ఎత్తాలి, ఇంకొంచెం తక్కువుంటే ఎంత అని ఒక్కో మట్టానికి తేల్చుకుంటూ మొదటి వారానికి రావాలి. బయలుదేరేది మాత్రం, పంట అయ్యాక మిగిలే నీటికి మనం కట్టే విలువ నుంచి. ఆ విలువ లెక్కలోంచి రాదు. మనిషే చెప్పాలి.

మునగాల దగ్గర మా ఊరి చెరువు కమిటీ యాసంగి వరికి అలాంటి లెక్క అడిగింది. మా అక్క భర్త గొర్రెలు కాస్తాడు. ఎండాకాలం ఊరి మందలన్నిటికీ ఆ చెరువే దిక్కు. అందుకే మిగిలే నీటికి గట్టి విలువే కట్టాను.

లాప్‌టాప్‌లో చూపిస్తే కమిటీ పెద్ద మొహం చిట్లించాడు.

“మా పైమడులకు ఆఖరి తడి ఏది తమ్మీ?”

“అదిస్తే గొర్లకు నీళ్లుండయి పటేలా.”

“వరి లెక్కల గొర్లేంది? మీ బావ కోసం జేసినవా ఏంది?”

అందరూ నవ్వారు. “అయితే సూడుండ్రి” అని చివరి గడిలో ఉన్న, మిగిలే నీటి విలువ చెరిపేసి సున్నా కొట్టాను. లెక్క ఆఖరి వారం తూము పూర్తిగా ఎత్తి, చెరువును అడుగంటా దించేసింది. మిగిలినదానికి విలువ లేదంటే ఏ లెక్కైనా చేసేదదే. ఆ బురద చూసి భయపడతారనుకున్నాను. వాళ్లకు కనిపించింది ఆఖరి తడి.

“గిది గదా లెక్కంటే!” అంటూ పెద్దాయన ఆ తెరను ఫోటో తీసుకున్నాడు. సాయంత్రానికి అది ఊరి వాట్సాప్ గ్రూపులో ఉంది, ‘కంప్యూటర్ తేల్చిన నీటి లెక్క’ అని. కింద నాకు దండాల బొమ్మలు.

బావ ఫోన్ చేశాడు. “ఏం బామ్మర్దీ, గొర్లు నీళ్లు తాగుడు బంద్ జేయాల్నన్నదట నీ డబ్బ?”

“నేననలే బావా, వాళ్లే...”

“సున్న కొట్టిన చెయ్యెవరిది మరి?”

మర్నాడే కమిటీ పెద్ద ఇంటికి పోయి అరిచాను. గొర్రెలకు నీళ్లు అక్కరలేదన్నది మీ మాట, ఆ మాట మీ నోటితో గ్రూపులో చెప్పండి అన్నాను.

“మేమెందుకంటం? గొర్లతోని మాకేం పగ? మిషన్ జెప్పింది. జర చాయ్ తాగు.”

వెనకటికి ఇలాంటివి కట్ట మీద తేలేవి. బండబూతులు తిట్టుకుని, ఎంతో కొంత నీరు వదిలేసి ఇళ్లకు పోయేవాళ్లు. ఇప్పుడు తిట్టడానికి మనిషే దొరకలేదు.

ఆఖరి వారం, చెరువు నీళ్లు వదిలే నీరటి వచ్చి తూము పూర్తిగా ఎత్తాడు. కొంచెం దించమన్నాను. “నీ లెక్కనే గదన్నా” అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే. పైమడులు తడిశాయి. బావ నీళ్లు వెతుక్కుంటూ మందను పెద్దవూర దిక్కు తోలుకుపోయాడు.

ఈ ఏడు యాసంగికి కూడా కమిటీ కబురు చేసింది. మందలోళ్లను పిలిచి, వాళ్ల ముఖం మీద సున్నా అనండి, అప్పుడే లాప్‌టాప్ తెరుస్తానన్నాను. పిలవలేదు. కోదాడలో ఏదో కంప్యూటర్ సెంటర్ వాళ్లతో చేయిస్తున్నారట. ఊళ్లో గొర్రెలున్నాయని వాళ్లకు ఎవరు చెబుతారు?