గుట్ట మీద నేను చూపించిన సూర్యుడు

పెండ్లయిన మూడో నెలల, పొద్దుగూకేది చూపిస్తనని అత్తమామలను గుట్ట ఎక్కించి నా ఇజ్జత్ నేనే తీసుకున్న ముచ్చట ఇది. నవ్వుకోండ్రి, ఫికర్ లేదు. మా ఇంట్ల ఇప్పటికీ నవ్వుతనే ఉన్నరు.

డెబ్బైలల్ల సంగతి. గౌలిపురల ఒక్క గది కిరాయి ఇల్లు, కంచన్‌బాగ్‌ల ఫిట్టర్ నౌకరీ, కొత్త పెండ్లాం సరోజ. అప్పటికి నా వైభవం గంతే. బిడ్డ ఎట్లున్నదో చూడనీకె సిద్దిపేట దిక్కుకెళ్లి అత్తమామలు వచ్చిండ్రు. అత్తమ్మ గది నడుమ నిలబడి చేతులు చాపింది. రెండు చేతులూ గోడలకు తాకినయి.

"గాలి గూడ ఆడదు గదయ్యా! బిడ్డను కొన్ని దినాలు తీస్కపోదాం," అన్నది.

మామ నాలుగు గోడలూ చూసి తలకాయ ఊపిండు. ఆయన తలకాయ ఊపితెనే నాకు ఎక్కువ భయం. ఇగ అత్తమ్మ "కొన్ని దినాలు" అంటే ఆర్నెల్లకు తక్కువ ఉండదని నాకు ఎరుకే.

"గాలి గావాల్నా అత్తమ్మా? ఇయ్యాల నాకు సెలవే, చాంద్రాయణగుట్ట ఎక్కుదాం నడువుండ్రి. ఆడికెళ్లి పొద్దుగూకేది చూస్తే మీకు ఊరే యాదికి రాదు," అన్న.

మీకొక నిజం చెప్పాలె. ఆ గుట్ట నేను ఎన్నడూ ఎక్కలే. నౌకరీల చేరినప్పటి సంది రెండో షిఫ్టే. సూర్యుడు పొయ్యే వేళకు నేను మిషన్ల నడుమ ఉంటుంటి. ఆయనకు, నాకు పరిచయమే లేదు.

దారి అటు తిరిగి ఇటు తిరిగి నన్ను బొంగరం చేసింది. పైకి చేరేసరికి మబ్బు కమ్మింది, సూర్యుని పత్తా లేదు. ఎవర్నన్న అడిగితే చిన్నతనమని ఒక పెద్ద బండకు ఆనుకోని చాప పరిచిన.

"ఇటు తిరిగి కూసోండ్రి. ఈడికెళ్లే మస్తు కనబడ్తది."

మామ ఒకసారి వెనక్కి చూసిండు. ఒకసారి నన్ను చూసిండు. "ఇటేనా అల్లుడా?"

"ఇటే మామా. పక్కా."

"సరే," అని కూసున్నడు.

అర్ధగంట అయింది. తెచ్చుకున్న పల్లీలు అయిపోయినయి. అంతల మబ్బు విడిసి, దూరంగ ఇండ్ల వెనకకెళ్లి ఇంత పెద్ద ఎర్రటి గుండ్రం కనబడ్డది.

"అగో సూర్యుడు!" ఎగిరి దుంకిన. "ఇగ మెల్లగ దిగుతడు. కన్నార్పకుండ్రి!"

కన్నార్పకుండనే చూసినం. సూర్యుడు ఇండ్ల మీదికి వచ్చిండు. ఇంకొంచెంసేపటికి తాడిచెట్టు మీదికి వచ్చిండు.

సరోజ నన్ను గిల్లింది. "ఏమయ్యా, మీ పట్నం సూర్యుడు మీదికి పోతున్నడేంది?"

"ఆగు. మబ్బుకు అట్ల అనిపిస్తది."

పక్క బండ మీద గడ్డం ఉన్న ఒకాయన కూసున్నడు. పాపం, ఎంతసేపు ఓర్చుకుంటడు! "మియా, వో చాంద్ హై," అన్నడు. "సూరజ్ తో ఆప్ కే పీఛే కబ్ కా డూబ్ గయా."

సూర్యుడు మా వెనకాల ఎప్పుడో గూకిండట! వెనక్కి తిరిగిన. బండ అవతల కొంచెం ఎరుపు మిగిలింది, గంతే. నేను ఇంతసేపు చూపించింది పున్నమి చంద్రుడు! అత్తమ్మ కొంగు నోట్లె కుక్కుకోని నవ్వుతుంది.

"మామా, మీకు ఎరుకేనా?"

"కూసున్నప్పుడే ఎరుక."

"మరి చెప్పకపోతిరి!"

"కొత్త అల్లునివి. ఇటు తిరుగుమన్నవు, తిరిగినం. నీ మాట ఎట్ల కాదంటం?"

గుట్ట దిగుతుంటె అత్తమ్మ కండ్లు తుడుసుకుంట మళ్ల అడిగింది. "రేపు బిడ్డను తీస్కపోదామా?"

నేను చాప సంకల పెట్టుకోని మామ దిక్కు చూసిన. మామ ఆలోచించి నిమ్మళంగ చెప్పిండు.

"వద్దే. పొద్దు ఎటు గూకుతదో ఎరుకలేని మనిషిని ఇంత పట్నంల ఒక్కన్నే ఎట్ల ఇడిసిపెడ్తం? సరోజ ఈడనే ఉండాలె."

ఆనాడే ఒట్టు పెట్టుకున్న. ఆకాశంల గుండ్రంగ ఏది కనబడ్డా, అది మీదికి పోతదో కిందికి పోతదో చూసినంకనే దానికి పేరు పెడ్త.