దీపం సొరుగులో బూడిద

దయ్యాలను నమ్మడానికి నాకెప్పుడూ తీరిక దొరకలేదు. పొద్దున్నే లేచి, రోజంతా ఒంగి లేచి పనిచేసి, రాత్రికి నడుము పట్టేసి పడుకునే మనిషికి చీకట్లో ఏముందో చూసే ఓపిక ఉండదు. మా బస్తీలో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు ఆ పిల్లకు కడుపునిండా అన్నం పెట్టండి అనేదాన్ని. ఇప్పటికీ అదే అంటాను. అయినా నా కళ్లముందు జరిగినదాన్ని జరగలేదని అనలేను కాబట్టి రాస్తున్నాను.

నా పేరు బాలమణి. మాది ఫిల్మ్‌నగర్ బస్తీ. జూబ్లీహిల్స్‌లో ఒక సినిమా రచయిత ఇంట్లో ఇరవై రెండేళ్లు పనిచేశాను. ఆయన పేరు రాయను, సారు అంటాను. ఆయన భార్య నేను చేరక ముందే పోయారు. ఒక్కతే కూతురు, ప్రసన్నమ్మ. నాకు యాభై దాటాక అక్షరాలు వచ్చింది కూడా ఆ ఇంట్లోనే, సారు వద్దని పడేసిన సీన్ కాగితాల వెనకవైపు దిద్దుకుంటూ.

సారు రాతబల్ల మీద ఒక దీపం ఉండేది. ఏదో సినిమా వంద రోజులు ఆడితే నిర్మాత సింగపూర్ నుంచి తెప్పించి ఇచ్చాడట. ఇత్తడి స్తంభం, పైన ఆకుపచ్చ గాజు గొడుగు. అడుగున గిన్నెలాంటి యాష్‌ట్రే, దాని కింద చిన్న సొరుగు. స్తంభానికి ఒక మీట. నొక్కితే దీపం వెలుగుతుంది, అదే నొక్కుకు గిన్నె అడుగున ఉన్న రేకు పక్కకు జరిగి బూడిద సొరుగులో పడుతుంది. మళ్లీ నొక్కితే దీపం ఆరి రేకు మూసుకుంటుంది. సిగరెట్ పీకలు ఆ సందులో పట్టవు. అవి గిన్నెలోనే మిగిలిపోయేవి.

రోజూ పొద్దున సొరుగు బయటికి లాగి, బూడిద పారబోసి, కడిగి తుడిచి, అడుగున తెల్ల కాగితం కత్తిరించి పరిచేదాన్ని. ఆ ఇంట్లో నా మొదటి పని అదే.

ఆ సొరుగు సారుకు హాజరుపట్టీ లాంటిది. సారు రాస్తున్నప్పుడే తాగేవారు, రాయనప్పుడు ముట్టేవారు కాదు. అది సినిమావాళ్లందరికీ తెలుసు. షూటింగ్ దగ్గర పడితే ప్రొడక్షన్ మేనేజర్ సారుకు కాకుండా నాకు ఫోన్ చేసేవాడు.

“అక్కా, సొరుగెలా ఉంది?”

“సగం నిండింది.”

“సగమంటే రెండు సీన్లు. బతికించావు.”

సారు తానుగా రాశానని చెప్పినా నమ్మేవాళ్లు కాదు, సొరుగు చెబితే నమ్మేవాళ్లు. ఒకసారి ఏమీ రాయకుండా, ఒక ఊదొత్తుల కట్ట మొత్తం కాల్చి ఆ బూడిద సొరుగులో పోశారు. నాకు వెంటనే తెలిసిపోయింది. ఊదొత్తి బూడిద మెత్తటి పిండిలా ఉండి వేలికి అంటుకుంటుంది. సిగరెట్ బూడిద పొరలు పొరలుగా ఉంటుంది, నలిపితే మసి రంగు వస్తుంది. మేనేజర్ ఫోన్ చేస్తే, “ఇయ్యాల సారు పూజ మీద ఉన్నడు” అని చెప్పాను. సారు పక్క గదిలోంచి విని, “జీతం నాది, కాపలా వాడికా?” అని చాలాసేపు నవ్వారు.

తర్వాత ఆయనకు ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఇంట్లోనే ఆక్సిజన్ మిషన్ పెట్టారు. దాని దగ్గర నిప్పు రవ్వ పడినా గది మొత్తం అంటుకుంటుందని డాక్టరు చెప్పాడు. సారు ఆ రోజే మానేశారు. పెట్టెలు, లైటర్లు అన్నీ తన చేత్తోనే నాకిచ్చి పారేయమన్నారు. దీపం మాత్రం ఉంచమన్నారు, దాని కింద చదువుకోవడం అలవాటని. నేను పనిచేసే మిగతా ఇళ్లు మానేసి, వెనక గదిలో ఉండి ఆయన్ని చూసుకోవడం మొదలుపెట్టాను.

ప్రసన్నమ్మ ఉద్యోగం చేసుకుంటూ నల్లగండ్లలో ఉంటుంది. రోజూ సాయంత్రం వచ్చి వెళ్లేది. ఒకరోజు వంటింట్లోకి వచ్చి చెప్పింది: “నాన్నకి ఈ ఇల్లు వదలడం ఇష్టం లేదు బాలమణీ. ఆ గదిలోనే పోతానంటాడు. కానీ ఒక్క సిగరెట్ తాగినా ఇక్కడ ఉంచలేను. తాగితే నాకు దాచకు.”

దాచనని మాట ఇచ్చాను.

మూడు నెలలు సొరుగు ఖాళీగానే ఉంది. నాలుగో నెలలో ఒక పొద్దున అలవాటు కొద్దీ లాగి చూస్తే, తెల్ల కాగితం మీద బూడిద. ఒక చెంచాడు ఉంటుంది. రెండు సిగరెట్లది. పైన గిన్నె శుభ్రంగా ఉంది, పీక లేదు. గదిలో వాసన కూడా లేదు.

“ఏంది సారూ ఇది?” అన్నాను.

ఆయన కళ్లజోడు పెట్టుకుని చూశారు. “నేను ముట్టలేదే.”

“మరెవరు ముట్టిన్రు? ఇంట్ల ఉన్నది ఇద్దరమేనాయె.”

“అయితే నువ్వే మొదలుపెట్టుంటావు. ఈ వయసులో మంచిది కాదు, మానెయ్.”

నవ్వుతూనే అన్నారు. నేను నవ్వలేదు. ఆ రోజు పారబోసి ఊరుకున్నాను. నాలుగు రోజులకు మళ్లీ కనిపించింది. ఈసారి గది అంతా వెతికాను. దిండు గలీబులు, బాత్రూం, పుస్తకాల వెనక, మందుల డబ్బా, అన్నీ చూశాను. అగ్గిపెట్టె కాదు కదా, పుల్ల కూడా దొరకలేదు. వాచ్‌మన్ ఏమైనా తెచ్చిస్తున్నాడేమోనని అడిగాను.

“నేను జర్దా మనిషినక్కా, పొగ నాకు పడది. అయినా సారుకు నేను విషం ఇస్తనా?” అని బాధపడ్డాడు.

వారం తిరక్కుండా మూడోసారి. ఆ రోజు మిషన్ గుయ్యిమంటుంటే నాకు డాక్టరు మాట గుర్తొచ్చింది. గది అంటుకుంటే ఆయన లేచి పరిగెత్తలేరు. ప్రసన్నమ్మకు ఫోన్ చేశాను.

ఆమె ఆఫీసు మధ్యలోంచి వచ్చింది. సొరుగు చూసింది. రెండు వేళ్లతో నలిపి వాసన చూసింది.

“అమ్మలూ, నేను తాగలేదు” అన్నారు సారు.

“నాన్నా, ప్లీజ్. సొరుగులో కనిపిస్తోంది కదా.”

“సొరుగు చెబితే నమ్ముతారు, నేను చెబితే నమ్మరు. నా బతుకంతా ఇంతే అయింది.” తర్వాత నావైపు తిరిగారు. “నువ్వు చెప్పు. పొద్దున ముఖం కడిగేది నువ్వేగా. నా దగ్గర వాసన వచ్చిందా?”

రాలేదు. ఆ మాట చెప్పి ఉండవచ్చు. కానీ తల వంచుకుని, “బూడిద అయితే సిగరెట్‌దే సారూ” అన్నాను.

మూడో రోజు వెంగళరావు నగర్‌లో, పెద్దవాళ్లను రాత్రింబగళ్లు నర్సులు చూసుకునే ఒక చోటికి ఆయన్ని తీసుకెళ్లారు. చక్రాల కుర్చీలో గేటు దాకా తోసింది నేనే. ఆయన నా ముఖం చూడలేదు.

ఆ మధ్యాహ్నం గది కడిగాను. దీపం ప్లగ్గు తీసేశాను. సొరుగు సబ్బుతో తోమి, బాల్కనీలో బోర్లించి ఎండబెట్టి, కొత్త కాగితం పరిచి పెట్టాను. కిటికీలు మూసి తాళం వేసి, తాళంచెవి నా కొంగుకే కట్టుకున్నాను.

అయిదో రోజు పొద్దున దుమ్ము దులుపుదామని తలుపు తీశాను. ప్లగ్గు నేను వదిలిన చోటే నేల మీద ఉంది. కిటికీల గడియలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. సొరుగు లాగాను. బూడిద ఉంది.

వేలు పెట్టి చూశాను. వేడిగా ఉందని రాస్తే చదివేవాళ్లకు బాగుంటుంది, కానీ లేదు. చల్లగానే ఉంది. నలిపితే మసి రంగు వచ్చింది.

నేల మీద కూర్చున్నాను. భయమనిపించలేదు. ఆ మీట చాలా గట్టిది, సారు వేళ్లకు బలం తగ్గాక సాయంత్రం దీపం వేసేదీ పడుకునే ముందు ఆర్పేదీ నేనే. నొక్కినప్పుడు గిన్నె ఖాళీగానే ఉండేది, దీపం వెలిగినంతసేపూ నేను ఆ గదిలోనే ఉండేదాన్ని. ఆ మీట నొక్కలేని మనిషి బూడిద కిందికి ఎలా పడేస్తాడు? ఆ సంగతి అప్పుడు తట్టింది. అన్ని రోజులూ నా చేత్తోనే నొక్కుతూ నాకే తట్టలేదు. ప్రసన్నమ్మకైతే ఆ విషయం తెలియనే తెలియదు.

పారబోస్తే ఎవరికీ తెలియదు. చూపిస్తే, తాళంచెవి నా దగ్గరే ఉంది కాబట్టి నా మీదికే వస్తుంది. కొంతసేపు అలాగే కూర్చుని, సొరుగు కదిలించకుండా ఫోన్ చేశాను.

ప్రసన్నమ్మ వచ్చి చూసి అడిగింది. “తాళంచెవి?”

“నా దగ్గరనే ఉండె.”

“అంటే బాలమణీ...”

“మీరు ఏమనుకుంటున్నరో నాకు ఎరుకే అమ్మా. అనుకోండ్రి. నేను పెట్టలే. సారు గూడ గిట్లనే చెప్పిండు, మనం ఇనలే. ఆయనతోని మీట గూడ నొక్కుడు కాకపోతుండె. నేనే నొక్కుతుంటి. అది నేను ఆ దినం చెప్పలే.”

ఆమె సొరుగు తానే కడిగింది, తానే తుడిచింది, తానే కాగితం పరిచింది. కిటికీలు తానే లాగి చూసుకుంది. షాపుకెళ్లి కొత్త తాళం కొనుక్కొచ్చి తలుపుకు వేసి, చెవి పర్సులో పెట్టుకుని వెళ్లిపోయింది. నాకు కోపం రాలేదు. అనుమానించడం న్యాయమే.

రెండు రోజుల తర్వాత పగలు పదింటికి వచ్చింది. నన్ను పక్కన నిలబెట్టుకుని తాళం తీసింది. సొరుగు లాగింది.

ఈసారి ఎక్కువే ఉంది. కాగితం నిండా పరుచుకుని ఉంది.

ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడింది. “ఎవరికీ చెప్పొద్దు బాలమణీ. నాన్నను తెచ్చేసుకుందాం” అంది. ఇప్పుడు నేను రాసింది ఆమెకు చదివి వినిపించి, సరేనన్నాకే బయటపెడుతున్నాను.

సారు వచ్చేలోపు ఆ దీపాన్ని ఆటోలో టోలిచౌకికి తీసుకెళ్లాను. అక్కడ పాత దీపాలు బాగుచేసే ఒక ముసలాయన ఉన్నాడు. లోపల ఎక్కడో ఏళ్లనాటి బూడిద ఇరుక్కుని కొంచెం కొంచెం రాలుతోందేమోనని నా ఆశ. ఆయన మరలన్నీ విప్పి, గొట్టంలో గుడ్డ తిప్పి నాకు చూపించాడు. గుడ్డ తెల్లగానే ఉంది.

“అందర్ ఏం లేదమ్మా, సాఫ్ ఉంది. నువ్వు మంచిగ కడిగినవ్. ఖరాబ్ ఏముంది దీంట్ల?”

ఏమీ లేదన్నాను. దీపాన్ని తిరిగి తెచ్చాక సామాన్ల గదిలో పెట్టించింది ప్రసన్నమ్మ. అప్పటి నుంచి నేను అడపాదడపా వెళ్లి సొరుగు లాగి చూస్తూనే ఉన్నాను. మళ్లీ ఎప్పుడూ పడలేదు.

సారు ఇంటికి వచ్చారు. ఆ కొద్ది రోజుల్లోనే చాలా చిక్కిపోయారు. ప్రసన్నమ్మ అక్కడే, కారు ఎక్కించక ముందే, కాళ్లు పట్టుకుని ఏడ్చిందట. నాతో మాత్రం ఆయన మందులు, నీళ్లు తప్ప మాట్లాడలేదు. చారన్నం కలిపి పెడితే తిన్నారు. రెండు రోజులు అలా గడిచాయి.

మూడో రోజు మధ్యాహ్నం బల్ల తుడుస్తుంటే వెనక నుంచి అన్నారు: “అమ్మాయి తప్పయిందని చెప్పింది. నువ్వు చెప్పలేదు.”

చేతిలో తడిగుడ్డతో అలాగే నిలబడ్డాను. “తప్పయింది సారూ. ఇరవై ఏండ్లు మీ ఉప్పు తిని, మీ మాట ఇడిసిపెట్టి బూడిద మాట ఇన్న.”

“కూర్చుని చెప్పు. నిలబడి చెబితే పని మధ్యలో చెప్పినట్టుంది.”

ఆ గదిలో కుర్చీలో నేనెప్పుడూ కూర్చోలేదు. గుడ్డ కింద పెట్టి, కూర్చుని, మళ్లీ మొదటి నుంచీ చెప్పాను. వాసన రాలేదని తెలిసీ చెప్పలేదని కూడా చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. చివర్న “సరే, టీ పెట్టు” అన్నారు.

ఆ తర్వాత నాలుగు నెలలు ఉన్నారు. కోరుకున్నట్టే ఆ గదిలో, ఆ మంచం మీదే పోయారు. అన్ని రోజుల్లో ఆ బూడిద ఎవరిదని ఆయన ఒక్కసారి కూడా నన్ను అడగలేదు. అడిగినా నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. ఇప్పటికీ లేదు.