తంగచ్చి సగం చేను

పెదనాయన పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను దుకాణంలో ఎవరిదో ఫోను విప్పి పెట్టుకుని ఉన్నాను. మార్కాపురం బస్టాండు దగ్గర నాది సెల్‌ఫోన్ రిపేరు దుకాణం. ఊరి నుంచి మా నాయన ఫోన్ చేసి, "అన్న పోయినాడురా. పొద్దున కాఫీ తాగి, కాసేపు పడుకుంటానన్నాడు. మళ్ళా లేవలా," అన్నాడు. ఆ తర్వాత ఆయన ఏడుపు వినిపించింది. మా నాయన ఏడవడం నేను అంతకుముందు వినలేదు. విప్పిన ఫోను మీద గుడ్డ కప్పాను. దాని మనిషికి రెండు రోజులాగి రమ్మని చెప్పి షట్టరు దించేశాను.

మాజీ సైనికులు ఊరి మొదట్లో ఫ్లెక్సీ కట్టించారు. అందులో పెదనాయన టోపీ పెట్టుకుని, బుగ్గలు నిండుగా, నాకంటే కుర్రవాడిలా ఉన్నాడు. హోదా, పతకాలు అన్నీ రాయించారు. సమాధి దగ్గర పాస్టరు గారు ఆయన విశ్వాసం గురించి చాలాసేపు చెప్పారు. శ్రీలంక మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. అది వాళ్ళ తప్పేం కాదు. ఆయన ఆ సంగతి నలుగురిలో చెప్పుకునే మనిషి కాదు. నా దుకాణంలో కూర్చుని నాకు చెప్పాడు కాబట్టి, మీకు చెప్పే పని నా మీద పడింది.

సైన్యంలో ఆయనది మందుపాతరలు తీసే పని. ఉద్యోగం అయిపోయి ఇంటికొచ్చిన కొన్నాళ్ళకు శ్రీలంకలో యుద్ధం ముగిసింది. ఉత్తరాన పొలాల నిండా పేలని గుండ్లు, పాతరలు. ఊళ్ళు వదిలిపోయిన జనం వెనక్కి రావాలంటే ముందు అవి తీయాలి. అందుకు మన ప్రభుత్వం డబ్బు సాయం చేసింది. ఆ డబ్బుతో ఒక సంస్థ మన మాజీ సైనికులను అక్కడికి తీసుకుపోయింది. పెదనాయన కూడా పేరిచ్చి వచ్చాడు.

పెద్దమ్మ ఆయనతో మాట్లాడడం మానేసింది. చెప్పదలచుకున్నది మా అమ్మతో, ఆయనకు వినపడేటట్టు చెప్పేది. "బతుకంతా ఎదురు చూసినా. ఇప్పుడు ఇంటికొచ్చి, బాంబులేరడానికి పోతాడంట. ఈయనకు ఈడ రాళ్ళేరింది చాల్లేదు."

రాళ్ళ సంగతి చెప్పాలి. మా తాత కూలి మనిషి. మా కుటుంబానికి దొరికిన మొదటి భూమి, పెద్దారవీడు దాటాక కొండ కింద ప్రభుత్వం ఇచ్చిన బీడు. అందులో మట్టి కంటే రాళ్ళే ఎక్కువ. ప్రతి ఎండాకాలం ఇంటిల్లిపాదీ వంగి రాళ్ళు ఏరి గట్టు మీదికి విసిరేవాళ్ళం. మళ్ళీ ఎండాకాలానికి ఎక్కడి నుంచి వస్తాయో, అన్ని రాళ్ళూ సిద్ధంగా ఉండేవి. మా వైపు రాళ్ళ చేలున్నవాళ్ళ చేతులు నడుస్తూ నడుస్తూనే రాయి తీసి విసురుతాయి. బుర్రను అడగవు.

అదే అలవాటు పెదనాయనను శ్రీలంకలో చంపబోయింది. అక్కడ ఒక్కొక్కరికి గజం వెడల్పు దారి ఇస్తారట. మోకాళ్ళ మీద కూర్చుని, ముఖానికి అద్దం, ఒంటికి బరువైన కవచం వేసుకుని, ఇనుమును పసిగట్టే మిషను కూత పెట్టిన చోట సన్నటి ఊచతో ఏటవాలుగా మట్టిని తడమాలి. దారికి అటూ ఇటూ ఎర్ర రంగు పూసిన కర్రలు. కర్ర అవతల అంతా చూడని నేల. పనిలో చేరిన కొత్తలో ఒకరోజు మట్టిలోంచి రాయి వచ్చింది. పెదనాయన చెయ్యి దాన్ని తీసి, ఎప్పటిలాగే పక్కకు, కర్ర అవతలికి విసిరేసింది.

"రాయి చేతిలోంచి పోయినాకనే నాకు తెలివొచ్చింది. అది గాల్లో ఉండంగా, మా ఊరి చేను కనపడిందిరా నాకు," అన్నాడు.

రాయి మెత్తగా మట్టిలో పడింది. ఏమీ జరగలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు కొయ్యబారిపోయారట. పైఅధికారి ఒక్క మాట కూడా తిట్టకుండా ఆయనను డేరాకు పంపి, మళ్ళీ మొదటి నుంచి పాఠాలు చెప్పించాడు. అన్నేళ్ళ సర్వీసు చేసి, కొత్తగా చేరిన పిల్లల మధ్య బెంచీ మీద కూర్చోవలసి వచ్చింది. అది చెప్పుకుని ఆయనే నవ్వేవాడు.

ఆ దెబ్బతో ఆయన చేతులు మారిపోయాయి. సెలవు మీద వచ్చినప్పుడు మాతోపాటు చేలోకి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, రాయి చుట్టూ వేళ్ళతో మట్టి తీసి, రెండు చేతులతో ఎత్తి, లేచి నడుచుకుంటూ పోయి గట్టు మీద పెట్టి వచ్చేవాడు. మా నాయనకు ఒళ్ళు మండేది.

"ఏందన్నా ఇది? నువ్వు ఇట్ల ఏరితే నా మనమళ్ళు వచ్చి మిగతాది ఏరాలి. ఇది మన చేనే. మన తాతలు యాడా బాంబులు పాతలా."

"తెలుసులేరా. చేతికి తెలియాలగా," అనేవాడు పెదనాయన.

మేకు దొరికినా, పాతర దొరికినా చేతికి ఒకటే మర్యాద ఉండాలని ఆయన మాట. నేను ఫోను స్క్రూలు విప్పేటప్పుడు వెనక నిలబడి ఆ మాటే అనేవాడు. విసుగొచ్చేది. ఇప్పుడు స్క్రూడ్రైవరు పట్టుకుంటే ఆ మాటే వినపడుతోంది.

ఆయన ఆఖరున పనిచేసిన చేను ఒక విధవరాలిది. ఆమెను తంగచ్చి అనేవాడు, అంటే తమిళంలో చెల్లెలని. సైన్యంలో తమిళ దళంతో ఉండి ఆయన ఆ భాష బాగా నేర్చుకున్నాడు. ఆమె ఇద్దరు పిల్లలతో, యుద్ధంలో తలదాచుకున్న శిబిరం నుంచి తిరిగొచ్చి, రేకులు వేసుకుని చేను పక్కనే ఉంటోంది. వీళ్ళు పనిచేస్తుంటే దూరంగా చెట్టు కింద కూర్చుని రోజంతా చూసేది. మధ్యాహ్నం మజ్జిగ తెచ్చి, ఎక్కడ ఆగమంటే అక్కడే ఆగి, గిన్నె అక్కడ పెట్టి వెనక్కి పోయేది. ఇల్లు, బావి ఉన్న సగం శుభ్రం చేసి ఆమెకు అప్పగించారు. ఉల్లి వేసింది. రెండో సగంలో దిగబోతుండగా డబ్బు సాయం గడువు అయిపోయింది. ఆ విడత అంతటితో ముగిసింది.

పెదనాయన అధికారి దగ్గరికి వెళ్ళి, జీతం లేకుండా ఉండి ఆ సగం పూర్తిచేసి వస్తానన్నాడట. ఆయన ఒప్పుకోలేదు. డాక్టరు, అంబులెన్సు పక్కన లేనిదే ఒక్క మోకాలు కూడా నేల మీద పెట్టకూడదని అక్కడి నియమం. ఆ రెండూ డబ్బుతోపాటే పోతాయి. "ఆయన చెప్పింది న్యాయమే. న్యాయమైతే ఏం లాభం, ఆమె ముఖం చూడలేకపోయినా," అన్నాడు నాతో. వచ్చేరోజు ఆమెతో, ఎవరో ఒకరు వచ్చి తీస్తారని, అంతదాకా కర్ర దాటొద్దని చెప్పి వచ్చాడు. ఎవరు వస్తారో, అసలు వస్తారో రారో ఆయనకూ తెలియదు.

ఆ భయం ఆయనను వదల్లేదు. ఆదివారం చర్చి అయిపోగానే బస్సెక్కి నా దుకాణానికి వచ్చేవాడు. తంగచ్చికి ఫోను చేసి ఇవ్వమనేవాడు. ఆయన ఫోను ఆయనకు ఉంది, వాడడమూ వచ్చు. కానీ ఆ కబురు ఏదైనా చెడ్డదైతే పక్కన ఎవరైనా ఉండాలని నా దగ్గరికి వచ్చేవాడని నాకు ఆలస్యంగా అర్థమైంది. ఆమె ఎత్తగానే మొదటి ప్రశ్న, కర్రలు ఉన్నాయా అని. వాటిని చెద తినేది, ఎవరో వంటకు పీక్కుపోయేవారు. ఇవతలి నేల మీద నిలబడే కొత్తవి పాతి రంగు వేశానని ఆమె చెప్పేది. తర్వాత పిల్లలు. తర్వాత మేకలు. అందరి కాళ్ళూ భద్రంగా ఉన్నాయని తేలాక గాని ఆయన టీ తాగేవాడు కాదు.

ఒకసారి టీ కొట్టు దగ్గర మా ఊరి రైతు ఒకతను ఆయనను పట్టుకున్నాడు. "ఈడ మనకు తాగనీకి నీళ్ళు లేవు మామా. బోర్లన్నీ ఎండిపాయె. పక్క దేశంలో బాంబులు ఏరనీకి మనోళ్ళు డబ్బులియ్యడం ఏంది?"

పెదనాయన కోపగించుకోలేదు. "నువ్వడిగేది తప్పు కాదల్లుడా. మన చేలకు నీళ్ళు గావాల, అడగాల. కానీ నీళ్ళు లేకపోయినా నీ చేలో నువ్వు నిలబడతన్నావు. ఆయమ్మ చేను ఆయమ్మకు ఎదురుగానే ఉంది, అడుగు పెట్టలేదు. ఇంగొంచెం ఇచ్చుంటే అయిపోయేది."

ఏళ్ళు గడిచాయి. తంగచ్చి పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. పెదనాయనకు ఊపిరి సమస్య ముదిరి, బస్సెక్కలేక, ఆదివారాలు నేనే ఊరికి వెళ్ళి మంచం పక్కన కూర్చుని ఫోను చేసి ఇచ్చేవాణ్ణి. "నేను పోతే కూడా చెయ్ రా నాయనా. నీకు అరవం రాకపోయినా ఫర్వాలేదు, కర్రలు ఉండాయా అని ఒక్కమాట నేర్చుకో," అన్నాడు. నేర్చుకున్నాను.

ఆ మాట వాడే పని నాకు పడలేదు. ఈ వేసవిలో, ఆయన ఉండగానే, ఆమె తనే ఫోను చేసింది. ఇంకేదో దేశం ఇచ్చిన సాయంతో కొత్త బృందం వచ్చి, రెండో సగం పూర్తిచేసి, అప్పగించే రోజట. వీడియోలో ఆమె ముఖం, వెనక దున్నని నేల. అధికారులు కాగితం ఇచ్చేశారు. నేల బాగుందని అందరూ చెప్పారు. ఆమె గట్టు మీదే నిలబడి ఉంది.

"అన్నా, నువ్వు దాటొద్దన్నావు. నువ్వు చెప్తేనే దాటుతా," అందట. ఆ మాట ఆయన నాకు తెలుగులో చెప్పాడు.

ఇన్నేళ్ళూ వద్దనడమే అలవాటైన మనిషి. పెద్దమ్మ వీపు నిమురుతూ, "చెప్పు. పాపం ఎండలో నిలబడింది," అంది. ఆయన చెప్పలేదు. తీసినవాళ్ళను పిలవమన్నాడు. కవచం వేసుకున్న ఒక ఆడపిల్ల ఫోనులోకి వచ్చింది. ఎంత లోతు వరకు చూశారు, మూలలు చూశారా, చెట్టు వేర్ల కింద చూశారా అని ఊపిరి ఆడక ఆగి ఆగి అడిగాడు. ఆ పిల్ల విసుక్కోకుండా అన్నిటికీ బదులు చెప్పింది. ఆ తర్వాత తన బృందాన్ని పిలుచుకుని ఆ నేల మీద అటు చివరికి నడిచిపోయి, తిరిగి వచ్చింది. పెదనాయన వాళ్ళ కాళ్ళనే చూశాడు. అప్పుడు, "నడువమ్మా," అన్నాడు.

ఆమె ఫోను ఆ పిల్ల చేతికిచ్చి, చెప్పులు విప్పి గట్టు మీద పెట్టింది. చీర కొంచెం ఎత్తి పట్టుకుని కుడికాలు ఎత్తింది. అంతే, బొమ్మ ఆగిపోయింది.

మా ఊళ్ళో సిగ్నలు ఎప్పుడూ అంతే. ఆమె కాలు గాల్లో ఉంది, కింద నేల ఉంది. నేను ఫోను పైకెత్తి కిటికీ దగ్గరికి పోబోతే, ఆయన నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. "కదపొద్దురా," అన్నాడు. ఆ చేతిలో అంత బలం ఇంకా ఉందని నేను అనుకోలేదు. పెద్దమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. వానాకాలం వచ్చేంత సేపు అనిపించింది.

బొమ్మ మళ్ళీ వచ్చేసరికి ఆమె అక్కడ లేదు. ఆమె కోసం తెరంతా వెతికాను. అంతలో ఆ ఆడపిల్ల ఫోను కొంచెం పైకి తిప్పింది. చేను అవతలి గట్టు దగ్గర, వేలెడంత, తంగచ్చి రెండు చేతులూ ఊపుతోంది. మధ్యలో మెత్తటి మట్టిలో ఆమె అడుగులు వరసగా ఉన్నాయి.

పెదనాయన నా మణికట్టు వదిలాడు. ఫోను దగ్గరికి తెమ్మని, అద్దం మీద వేలు ఆనించి, ఇవతలి గట్టు నుంచి ఒక్కొక్క అడుగునూ తడుముకుంటూ, ఎక్కడా తొందరపడకుండా, ఆమె దగ్గరికి పోయాడు.