ఉప్పు కాపడం

తొంభైల దశకంలో మా మామగారితో బళేపేట బజారుకు వెళ్తే నాలుగు అంగళ్లు దాటగానే ఆయన ఆగిపోయేవారు. ఏ గాజుల అంగడి ముందో నిలబడి, "డజను ఎంతప్పా?" అని అడిగేవారు. కొనేవారు మాత్రం కాదు. బేరాలంటే సరదా అనుకునేదాన్ని. పిక్క పట్టేసినప్పుడు నొప్పి తగ్గేదాకా నిలబడడానికి అదొక సాకని, కాలి రక్తనాళాలు సన్నబడ్డాయని డాక్టరు చెప్పాక గానీ నాకు తెలియలేదు.

బీడీలు మానమన్నాడు డాక్టరు. రోజూ నడవమన్నాడు, నొప్పి వస్తే ఆగి మళ్లీ నడవమన్నాడు. పాదం మంచుగడ్డలా ఉంటే ఏం చేయాలో నేను అడగలేదు. చలికాలం ఒక సాయంత్రం, మా ఇంట్లో ఏ నొప్పికైనా చేసినట్టే, ఉప్పు వేయించి గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టాను.

"ఇంకొంచెం వేడి చెయ్యమ్మా, నాకేమీ తెలీడంలేదు" అన్నారు.

మూట పట్టుకున్న నా వేళ్లు చుర్రుమంటున్నాయి. అయినా మళ్లీ వేడిచేసి అదిమాను. మూట తీసేసరికి మడమ మీది చర్మం గుడ్డతోపాటు ఊడి వచ్చింది.

"ఏమైందమ్మా, అట్ల చూస్తాండావు?" అన్నారాయన, నవ్వుతూనే.

ఆ పుండు మానడానికి నెలలు పట్టింది. పాదం నల్లబడితే తీసేయాల్సి వస్తుందన్నాడు డాక్టరు. అప్పటినుంచి రోజూ పొద్దున్నే పాదం నా ముందుకు చాపి, తాను కళ్లు మూసుకునేవారు.

"చూడమ్మా, నల్లగయిందా?"

"లేదు మామా" అనేదాన్ని. అన్న తర్వాతే వంగి చూసేదాన్ని.