ఒక పడవ, ఇద్దరు సావుకార్లు

తొలకరి చినుకు పడిన రోజున పెనం మీద ఎండు నెత్తళ్ళు వేయిస్తే ఆ వాసన మా గాజువాక అపార్ట్‌మెంటులో మూడంతస్తులూ ఎక్కి దిగుతుంది. ఎదురింటివాళ్ళు కిటికీలు మూసుకుంటారు. పై వాటా ఆవిడ మాత్రం గిన్నె పట్టుకుని దిగివస్తుంది. వాసన అందరిదీ, చేపలు నావి, అందుకని ఆవిడకు లెక్కపెట్టి నాలుగే వేస్తాను. ఈ ఏడు జ్యేష్ఠమాసంలో అలా వేయిస్తూ ఉండగా మా పెద్దవాడి కూతురు హారిక వచ్చి, చెప్పులైనా విప్పకుండా వంటింటి గడపలో కూలబడింది. చదువుకున్న పిల్ల, నెల జీతం తెచ్చుకునే పిల్ల.

“మామ్మా, ఒక యాప్‌లో అప్పు తీసి ఇంకో యాప్‌కి కడతన్నాను. ఇప్పుడన్నీ ఒకేసారి మీదడిపోతన్నాయి. నాన్నకి తెలిస్తే సంపేత్తాడు. ఏటి సెయ్యాలో సెప్పు.”

“నీ అయ్య సంపడు. సంపితే నానూరుకుంటానా? ముందు ఆ సెప్పులిప్పు” అన్నాను.

పొయ్యి ఆపేశాను. ఒక అప్పు మీద ఇంకో అప్పు అన్న మాట వినగానే, అరవై ఏళ్ళ కిందటి మా అయ్య మొహం కళ్ళ ముందు నిలబడింది.

మాది యారాడ. ఇప్పుడు సెలవు రోజున కార్లేసుకొచ్చి ఫొటోలు దిగే యారాడ కాదు; కొండకీ సముద్రానికీ నడుమ తాటాకు ఇళ్ళు వంగి కూర్చుని ఉండే యారాడ. కార్తీకం వస్తే గాలి తిరిగి కవళ్ళ చేపలు గుంపులు గుంపులుగా వచ్చేవి, చలి ముదిరేసరికి నెత్తళ్ళు వెండి చల్లినట్టు వలలో మెరిసేవి, ఆషాఢం వచ్చిందంటే సముద్రం ఎవరి మాటా వినేది కాదు, పడవలన్నీ ఒడ్డు మీద బోర్లా పడుకునేవి. ఆడపిల్లలం ఎండ్రకాయల బొరియల్లో పుల్లలు దోపి వాటిని పరుగెత్తించేవాళ్ళం, తాటిబుర్రలో చీమలను ఎక్కించి నీటి మీద వదిలి, ఎవరి చీమలు ఒడ్డుకు చేరతాయో పందెం కాసేవాళ్ళం, ఇంటికొచ్చి చోడంబలిలో ఉల్లిపాయ నంజుకుని తాగేవాళ్ళం. ఉగాది ముందరి అమావాస్యకు, అదే కొత్తమాసకు, నూకాలమ్మకు బూరెలు వండిన రోజున ఊరంతా నెయ్యి లేకపోయినా నెయ్యి వాసన వచ్చినట్టే ఉండేది. పెద్దాడవాళ్ళు సాయంత్రం అయ్యేసరికి ఇసకలో చేరి, చుట్టను నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగేవారు. నోట్లో నిప్పుంచుకుని అంతంతసేపు ఎలా మాట్లాడేవారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మా అయ్యకు సొంత పడవ ఉండేది. సొంతం అని మేమనుకునేవాళ్ళం. నిజానికి ఆ పడవ చేయించడానికి డబ్బు ఇచ్చింది పట్నంలో ఉండే పెద్ద సావుకారు. ఆయన వడ్డీ అడగలేదు. వడ్డీ అడగని మనిషి దేవుడని మా వాళ్ళ నమ్మకం. ఆయన అడిగింది ఒక్కటే: అప్పు తీరేదాకా పడ్డ చేపంతా నాకే పొయ్యాలి, ధర నేను చెప్పిందే. ఒడ్డున మిగతా పడవల చేపలకు పాట జరుగుతుంటే, ఒకరి పైన ఒకరు ధర పెంచుతుంటే, మా అయ్య చేపలు మాత్రం పాట లేకుండా సావుకారి గంపల్లోకి పోయేవి. వంజరం, చందువ, రొయ్యలు అన్నీ పోయేవి. ఇంటికి మిగిలేది కూర వాటా. పడవలో వెళ్ళినవాడి ఇంట్లో ఆ పూట కూర వండుకోవడానికని ఒక గిన్నెడు చిల్లర చేపలు పక్కన పెట్టడం మా రేవు ఆనవాయితీ. అప్పు ఎంతున్నా సరే, ఆ గిన్నె మీద ఏ సావుకారూ చెయ్యి వెయ్యకూడదు.

ఒక ఏడు వల రాళ్ళకు తగిలి సగానికి సగం చిరిగింది. అయ్య పెద్ద సావుకారిని అడిగితే, మొదటిది తీరకుండా రెండోదా అన్నాడు. అప్పుడు అయ్య, ఎవరికీ చెప్పకుండా, ఇంకో చిన్న సావుకారి దగ్గర వల తెచ్చుకున్నాడు. ఆయనా వడ్డీ అడగలేదు. ఆయనా అదే మాట అన్నాడు: పడ్డ చేపంతా నాకే. అయ్య సరే అన్నాడు. ఒక సముద్రం, ఒక పడవ, ఒక వల, ఇద్దరికీ పూర్తి మాట! మా రేవులో ఇంతకంటే పెద్ద తప్పు ఇంకోటి లేదు. కొన్నాళ్ళు మంచి చేపలను కొండ వాలులో రాళ్ళ దగ్గర దించి, అమ్మ చేత గంపలో చిన్న సావుకారికి పంపించి, మిగిలినవి పెద్దాయన ముందు పోసేవాడు. “ఏట్రా, నీ వలకి ఈమజ్జిన వంజరం వాసనే తగల్లేదేటి?” అని పెద్దాయన అనుమానంగా నవ్వేవాడు. అయ్య నవ్వేవాడు కాదు.

ఒక పొద్దున ఇద్దరి గంపలూ ఒకేసారి ఒడ్డుకొచ్చాయి. ఆ రోజు జరిగిన గొడవ నేను చెప్పను. పెద్ద సావుకారు వెళ్తూ వెళ్తూ, వచ్చే అమావాస్యకు మనుషులను తెచ్చి పడవ తీసుకుపోతానన్నాడు. పడవ పోతే మా అయ్య ఇంకొకడి పడవలో కూలికి వెళ్ళాలి. కూలివాడికి కూర వాటా తప్ప వాటా ఉండదు. అమ్మ ఆ రోజు పొయ్యి వెలిగించలేదు.

అయ్యకు వరసకు అప్ప అయ్యే బంగారమ్మ అని ఒకావిడ ఉండేది, నాకు అత్త. మొగుడు సముద్రంలో పోయాక ఎండు చేపల గంప నెత్తిన పెట్టుకుని, కొండ దాటి ఊళ్ళు తిరిగి, తన అప్పులూ మొగుడి అప్పులూ తీర్చుకున్న మనిషి. అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆవిడ దగ్గరకు వెళ్ళి, కథంతా చెప్పబోయింది. అత్త చుట్ట తీయకుండానే చెయ్యి అడ్డంపెట్టింది.

“నువ్వు సెప్పకు. పెళ్ళాం సెప్తే అది సాడీ, ఆడు సెప్తే అది లెక్క. ఆడిని తోలు.”

అయ్య రెండు రోజులు వెళ్ళలేదు. పరువు అన్నాడు, మగాణ్ణన్నాడు. మూడో రోజు సాయంత్రం నా చెయ్యి పట్టుకుని వెళ్ళాడు, నేను పక్కనుంటే అత్త తిట్టదనుకున్నాడేమో. తిట్టింది. తిట్టి, గుప్పెడు గవ్వలు నా ఒళ్ళో పోసింది. “నీ అయ్య ఒక్కో అప్పు సెప్తే ఒక్కో గవ్వ ఇసకలో పెట్టే, గుంటా. పెద్దదైనా సిన్నదైనా ఒక్కటే గవ్వ.”

అయ్య పడవ అప్పు చెప్పాడు. వల అప్పు చెప్పాడు. పక్కింట్లో తెచ్చిన బియ్యం చెప్పాడు. “అంతే” అన్నాడు.

అంతే కాదని నాకు తెలుసు. కొత్తమాసకు బట్టల మూటతో వచ్చినాయన దగ్గర నాకు ఆకుపచ్చ పరికిణీ అప్పుకు తీసి, మీ అమ్మకి సెప్పకే అన్నాడు అయ్య. ఆ పరికిణీయే కట్టుకుని కూర్చున్నాను. నాలుగో గవ్వ పెట్టేశాను. అయ్య నా వైపు చూశాడు. దెబ్బ పడుతుందని కళ్ళు మూసుకున్నాను. పడలేదు. తలొంచుకుని, “అవునప్పా, అదొకటుంది” అన్నాడు. మా అయ్య ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

అత్త ముందు పరికిణీ గవ్వను వేలితో ముందుకు జరిపింది. అన్నిటికంటే చిన్నది ముందు తీర్చమంది, ఒక గవ్వ లేచిపోతే మనిషికి మిగతావాటిని చూసే ధైర్యం వస్తుందంది. పాత అప్పు కోసం కొత్త అప్పు ముట్టుకుంటే తన గడప తొక్కొద్దంది. తర్వాత ఇద్దరు సావుకార్లనూ వాళ్ళు రాకముందే మనమే పిలవాలి, ఇద్దరినీ ఒకే చోట నిలబెట్టాలి అంది. “ఇద్దరికీ సాటుగా అబద్దం సెప్పినావు గదా, ఇద్దరి ముందూ ఎదురుగా నిజం సెప్పు. అదీ నీకు శిక్ష.”

అమావాస్యకు రెండు రోజుల ముందు పొద్దున్నే ఇద్దరూ వచ్చారు. అయ్య అంతా చెప్పాడు. పెద్ద సావుకారు మండిపడ్డాడు. “నా పడవెక్కి ఆడికి సేపలడతావేట్రా? ఈ పూటే పడవ అట్టుకుపోతాను!”

అత్త చుట్ట తీసి పక్కన పెట్టింది. “అట్టుకుపో బావు. నీకు తెడ్డెయ్యడం వొచ్చేటి మరి? అలకి ఎదురెల్లీటప్పుడు పంచె ఎగ్గట్టాలి, అది ముందు నేర్సుకో.”

ఒడ్డున జనం గొల్లుమన్నారు. చిన్న సావుకారు కూడా నవ్వాడు. “నువ్వేటి నవ్వుతావు? నీకు వల దక్కీదేటి?” అని పెద్దాయన ఆయన మీద పడ్డాడు. నవ్వులో కొంత కోపం కరిగింది. చివరికి వారంలో నాలుగు రోజుల చేప పెద్దాయనకు, రెండు రోజులది చిన్నాయనకు, ఏడో రోజు పడవకు విశ్రాంతి, ధర ఆ రోజు పాటలో పలికినదాని కంటే మరీ తక్కువ కాకూడదని తేలింది. పడవ మా ఒడ్డునే ఉంది.

“కూర వాటా మాత్రం ఎవలూ అడక్కండి” అంది అత్త.

“అదెవడడిగినాడే? పిల్లలు తినీది” అన్నాడు పెద్ద సావుకారు.

“తినరు” అంది అత్త. అంటూ మా అమ్మ వైపు చూడలేదు.

అదీ ఆవిడ అసలు సలహా. ఆ గిన్నెడు చేపలను మేము వండుకోకుండా ఎండబెట్టాలి. సావుకార్లు ముట్టుకోలేని ఆ ఒక్క గిన్నే సావుకార్ల అప్పు తీర్చాలి. రెండు కొత్తమాసలు వెళ్ళేదాకా చేపలవాళ్ళ ఇంట్లో చేప వండలేదు. అంబలి, మిరపకాయ, ఎప్పుడైనా గోంగూర. ఇసక మీద ఆరేస్తే పళ్ళ కింద ఇసక తగిలి ధర రాదని, పాత వలలు పరిచి వాటి మీద ఆరెయ్యడం అత్త నేర్పింది. కాకులనూ కుక్కలనూ తోలడం నా పని. ఎండకు నెత్తళ్ళు కరకరలాడుతుంటే నోరూరేది. ఒకనాడు ఒక్కటి నోట్లో వేసుకున్నాను. అమ్మ చూసి వీపు మీద చరిచింది, తర్వాత ఆ పూట తనూ అన్నం తినలేదు. అత్త తన గంపతో పాటు మా చేపలు కూడా మోసుకెళ్ళి అమ్మేది. ఒక్క పైసా తీసుకోలేదు.

ప్రతి అమావాస్యకు అయ్య నడిచి పట్నం వెళ్ళి, ఎంతో కొంత తన చేత్తోనే ఇచ్చి వచ్చేవాడు. సముద్రం ఏమీ ఇవ్వని నెలలో చిల్లర నాణేలు పట్టుకెళితే, పెద్దాయన విసిరికొట్టాడట. అయ్య వాటిని ఏరి, తుడిచి, మళ్ళీ ఆయన ముందే పెట్టి, నమస్కారం చేసి వచ్చాడట. తర్వాత నుంచి ఆయన అయ్యను కూర్చోమనేవాడు. ఆ కూర్చోమన్నందుకు నేను ఆయనకు కూడా దండం పెడతాను.

పరికిణీ గవ్వ మొదటి వారంలోనే లేచిపోయింది. తర్వాత బియ్యం, తర్వాత వల, అన్నిటి వెనక పడవ. అది తీరిన మర్నాడు మా అయ్య చేపలకు మొదటిసారి పాట జరిగింది. పాట జరుగుతుంటే యజమాని ఎక్కడ నిలబడాలో ఆయనకు తెలియదు. పడవ వెనక నక్కాడు. “ఒరే, పెళ్ళికొడుకునాగ దాంకుంటావేట్రా? ఇటు రా!” అని అత్త అరిస్తే వచ్చి నిలబడ్డాడు. ధర ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే ఆయన పెదవులు కూడా ఆ అంకెలు పలికాయి. ఆ పూట అమ్మ చింతకాయ వేసి నెత్తళ్ళ పులుసు పెట్టింది. ఎంత తిన్నామో గుర్తులేదు. అయ్య మాత్రం అందరి తర్వాత తిన్నాడు.

ఇదంతా హారికకు చెప్పలేదు. పిల్లలకు కథలు చెప్పే ఓపిక నాకు లేదు. కొత్త అప్పు ముట్టుకోవద్దన్నాను, అన్నిటికంటే చిన్నది ముందు కట్టమన్నాను, అప్పిచ్చినవాళ్ళ దగ్గరకు నాతో రమ్మన్నాను. అడ్రసు వెతుక్కుని పట్నంలో ఒక ఆఫీసుకు వెళ్ళాం. అక్కడి అబ్బాయి మర్యాదగా మంచినీళ్ళిచ్చి, “అంతా ఫోన్లోనే ఉంటాదమ్మా, మాం ఇక్కడ ఏటీ సెయ్యలేం” అన్నాడు. పాపం, ఆ కుర్రాడు అప్పిచ్చినవాడు కాదు. అప్పిచ్చినవాడు ఎవరో, ఎక్కడుంటాడో, వాడికి కోపం వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. యారాడలో అత్త ఇల్లున్న చోట ఇప్పుడు కార్లు ఆపుతున్నారు. చేపలారేసిన చోట గొడుగుల కింద కొబ్బరిబొండాలు అమ్ముతున్నారు. ఎదురుగా నిలబడి నాలుగు మాటలు పడి, నాలుగు అని, పడవ నిలబెట్టుకోవడానికి ఎదుట ఒక మనిషంటూ లేకుండా పోయాడు.

అయినా ఒక్క మనిషి ఉన్నాడు, మా ఇంట్లోనే, దాని నాన్న. “ఎదురుగా నిలబడి సెప్పాల్సినోడు ఆడే మరి. పద” అన్నాను.

గాజువాక బస్సులో కిటికీ పక్కన కూర్చుని అది పెదవులు కదుపుతూనే ఉంది. ఒక్కో అప్పూ పలికి, మళ్ళీ మొదటి నుంచి పలికి, చివరిదాని దగ్గర ఆగి మళ్ళీ మొదలుపెట్టింది. నేను సాయం చెయ్యలేదు. మా స్టాపు వచ్చింది. మోకాళ్ళు పట్టుకుని నేను లేచేలోపే అది లేచి, జనాన్ని తోసుకుంటూ నాకంటే ముందు దిగింది.